నీళ్ల మీటరు నుంచి ఇంటి దాకా పైపు మార్పించాం: ఆరు నెలల తర్వాత నా అభిప్రాయం

పై అంతస్తులో అమ్మ స్నానం చేస్తున్నంతసేపూ కింద ఎవరూ కుళాయి తిప్పకూడదన్నది 12 ఏళ్లుగా మా ఇంట్లో నియమం. ఎవరైనా మరిచిపోయి వంటింట్లో చెయ్యి కడుక్కున్నా చాలు, పైన షవరు ధార దారంలా సన్నబడి, చుక్కలై, ఆగిపోయేది. "కింద కట్టేయవే అమ్మాయ్!" అని అమ్మ కేక వేసేది. ఆమెకు 78 ఏళ్లు. ఒళ్లంతా సబ్బు నురగతో, జారే నేల మీద, ఒక చేత్తో గోడ పట్టుకుని నీళ్ల కోసం నిలబడేది. ఆ కేక విన్న ప్రతిసారీ నాకు ప్రాణం చివుక్కుమనేది. పైపు మార్పించాలని నేను పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే.

ఈ పని చేసింది ఒక మేస్త్రి గారు, ఆయనతో వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు. వాళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే వాళ్లు చాలా బాగా చేసిన పనులూ ఉన్నాయి, చెయ్యకుండా వదిలేసిన ఒక పెద్ద పనీ ఉంది. రెండూ చెబుతాను. ఇలాంటి పని చేయించుకోబోయేవారికి పేరు కంటే ఆ వివరాలే ఎక్కువ పనికొస్తాయి.

అంతకుముందు మేం చెయ్యని ప్రయత్నం లేదు. షవరు మార్చాం. కుళాయిల మూతి దగ్గర ఉండే చిన్న జాలీలు విప్పి శుభ్రం చేశాం. వంటింటి కుళాయి మొత్తంగా కొత్తది బిగించాం. మార్చినప్పుడల్లా నాలుగు రోజులు బాగున్నట్టు అనిపించేది, మళ్లీ మామూలే. చివరికి ఒకాయన వచ్చి చూసి, కుళాయి తిప్పి ధార చూసి, "ఒత్తిడి లేదమ్మా, మోటారు పెట్టేద్దాం" అన్నాడు. ఏ కొలతా తియ్యలేదు. మీటరు మూత కూడా ఎత్తలేదు. అప్పటికి నాకు ఈ విషయాలేమీ తెలియవు గానీ, కొలవకుండా ఇచ్చిన సలహా మీద మాత్రం నమ్మకం కలగలేదు.

తర్వాత వచ్చిన ఈ మేస్త్రి గారు సంచిలోంచి మొదట తీసింది ఒత్తిడి కొలిచే మీటరు. దాన్ని ఇంటి గోడ పక్కనున్న తోట కుళాయి దగ్గర బిగించారు. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేయమన్నారు. ముల్లు 2.6 బార్ దగ్గర నిలిచింది. "చూశారా అమ్మా, మీకు ఒత్తిడి లేకపోవడమేమీ లేదు. ఇది మంచి ఒత్తిడే" అన్నారు. ఒక బార్ అంటే నీటిని సుమారు 10 మీటర్ల ఎత్తుకు నిలబెట్టగల బలం. అంటే మా వీధి గొట్టంలో 26 మీటర్ల ఎత్తుకు ఎక్కేంత బలం ఉంది. మా పై అంతస్తు షవరు నాలుగైదు మీటర్ల ఎత్తులో ఉంది. మరి నీళ్లు ఎందుకు రావు?

"ఇప్పుడు వంటింటి కుళాయి పూర్తిగా తిప్పండి" అన్నారు. తిప్పి పరుగెత్తుకొచ్చి చూశాను. 2.6 దగ్గరున్న ముల్లు నా కళ్ల ముందే జారిపోయి 0.4 దగ్గర ఆగింది. ఒక్క కుళాయికే అంత పడిపోయింది. ఆ 0.4 బార్ నీళ్లను నాలుగు మీటర్లు ఎక్కించేసరికే అయిపోతుంది. అమ్మ షవరు ఎందుకు ఆగిపోయేదో నాకు 12 ఏళ్ల తర్వాత ఆ ముల్లు చెప్పింది.

నీళ్లు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు పైపు ఎంత ఇరుకైనా దాని రెండు చివర్లా ఒత్తిడి ఒక్కటే ఉంటుంది. పైపు పూడుకుపోయిన సంగతి అప్పుడు బయటపడదు. నీళ్లు కదిలినప్పుడే ఆ ఇరుకు దారిలో రాపిడికి బలమంతా ఖర్చైపోతుంది. కాబట్టి కుళాయిలు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి కొలవాలి. ఈ రెండు అంకెల మధ్య తేడాయే జబ్బు ఎక్కడుందో చెబుతుంది. మూసినప్పుడే ముల్లు 0.5 దగ్గర ఉంటే సమస్య వీధి గొట్టంలోనో, ఎక్కడో సగం మూసి ఉన్న వాల్వులోనో ఉన్నట్టు. అప్పుడు ఇంటి పైపు మార్చి లాభం లేదు. ఒక్క కుళాయిలోనే నీళ్లు తక్కువగా వస్తుంటే ఆ కుళాయినే చూసుకోవాలి. వేడినీళ్లు మాత్రమే తక్కువైతే హీటరు వైపు వెతకాలి. మాకు అన్ని చోట్లా, అన్ని వేళలా తక్కువే.

అంతటితోనే పైపు మార్చేద్దామని కూడా ఆయన అనలేదు. మీటరుకు ముందుండే జల్లెడ విప్పి చూశారు. కొద్దిగా ఇసుక రేణువులున్నాయి, కడిగి పెట్టారు. పెద్దగా తేడా రాలేదు. ఆ తర్వాత మీటరు అవతల మా పైపును విడదీసి, మీటరులోంచి వచ్చే నీళ్లను నేరుగా 10 లీటర్ల బకెట్లోకి వదిలారు. నేను ఫోనులో సమయం చూశాను. 15 సెకన్లలో నిండింది. అదే బకెట్టు తోట కుళాయి కింద నిండడానికి 2 నిమిషాల 10 సెకన్లు పట్టింది. మీటరు దాకా నిమిషానికి 40 లీటర్లు వస్తున్న నీళ్లు, ఆ తర్వాతి 22 మీటర్లు దాటి ఇంటికి చేరేసరికి నిమిషానికి నాలుగున్నర లీటర్లకు తగ్గాయన్నమాట. దొంగ ఎక్కడున్నాడో తెలిసిపోయింది. ఈ పరీక్షకు పట్టింది అరగంట. కావలసింది ఒక బకెట్టు, ఒక గడియారం. ఇన్నేళ్లలో ఇంటికొచ్చిన ఎవరికీ ఈ ఆలోచన రాకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మోటారు సంగతి అడిగాను. ఇరుకు పైపు చివర మోటారు పెడితే అది నీళ్లను పీల్చడానికి ప్రయత్నిస్తుంది, పైపులో ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే కిందికి పోవచ్చు, ఎక్కడైనా కారుతున్న జాయింటు ఉంటే అక్కడి నుంచి మట్టిలోని మురికి నీరు లోపలికి వస్తుంది అన్నారు. సరఫరా గొట్టానికి నేరుగా మోటారు బిగించడాన్ని చాలాచోట్ల నిషేధించింది కూడా ఇందుకే. మోటారు అమ్ముకుంటే ఆయనకు ఒక పూట పనితో అయిపోయేది. వద్దని చెప్పి రెండు రోజుల మట్టి పనికి సిద్ధపడ్డారు. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

పైపు ఎంపిక గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మేం అక్కడే పొరబడేవాళ్లం. పాతది అర అంగుళం జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుము. నేను 25 మి.మీ. హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్ పైపు చాలుననుకున్నాను. అర అంగుళానికి అది రెట్టింపు కదా అని నా లెక్క. మేస్త్రి గారు సంచిలోంచి రెండు ముక్కలు తీసి చూపించారు. జీఐ పైపు కొలత లోపలి రంధ్రాన్ని బట్టి చెబుతారు, హెచ్‌డీపీఈ పైపు కొలత బయటి వ్యాసాన్ని బట్టి. 25 అని అమ్మే పైపు లోపల సుమారు 20 మి.మీ. మాత్రమే ఉంటుంది. 32 అని అమ్మేది లోపల సుమారు 26 మి.మీ. గోడ మందాన్ని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ మారుతుంది. కాబట్టి కొనేటప్పుడు పైపు మీద అచ్చువేసిన బయటి వ్యాసంతో పాటు గోడ మందం, ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందన్నదీ చదువుకోవాలి. తాగునీటికి వాడే నల్ల పైపు మీద పొడవునా నీలం గీతలుంటాయి.

ఈ ఆరు మిల్లీమీటర్ల తేడా అంత ముఖ్యమా అని అడిగాను. వ్యాసం రెట్టింపైతే, అదే ఒత్తిడికి, నీళ్లు రెండింతలు కాదు, ఆరింతలు వస్తాయి. పైపు వెడల్పు కొద్దిగా పెరిగినా ప్రవాహం చాలా పెరుగుతుంది. అందుకే 32 తీసుకున్నాం. అయితే 40 ఎందుకు తీసుకోకూడదంటే, అప్పుడు మీటరే ఇరుకు దారి అవుతుంది, పైపు ఎంత పెద్దదైనా దాన్ని మించి నీళ్లు రావు. పైగా పైపులో నీళ్లు ఎక్కువసేపు నిలవ ఉంటాయి.

మొదటి రోజు తవ్వకం. సుమారు 60 సెంటీమీటర్ల లోతు, గునపం, పారలతోనే. గడ్డకట్టే చలి ఉన్నచోట ఇంకా లోతుగా వెయ్యాల్సి ఉంటుందట. గేటు పక్క చెట్టు వేర్లు అడ్డం వచ్చినచోట నరకకుండా కాలువను పక్కకు మళ్లించారు. హెచ్‌డీపీఈ పైపు వంగుతుంది కాబట్టి అక్కడ ఎల్బో, అంటే మలుపు తిప్పే జాయింటు, అక్కర్లేకపోయింది. అలాగని గట్టిగా వంచితే నలుగుతుంది. వంపు పైపు వ్యాసానికి 25 రెట్ల వ్యాసార్ధానికి తగ్గకూడదని చెప్పి, 80 సెంటీమీటర్ల తాడు పట్టి వంపు గీసుకున్నారు. ఒక్కో ఎల్బో దగ్గర నీళ్లు తలకొట్టుకుని బలం కోల్పోతాయి. పాత లైనులో అలాంటివి ఏడు లెక్కపెట్టాను. కొత్త దాంట్లో రెండే ఉన్నాయి.

సాయంత్రం పాత పైపు బయటికి తీశారు. చిన్న కుర్రాడు రంపంతో ఒక జానెడు ముక్క కోసి నా చేతికిచ్చాడు. చెయ్యి బరువుగా కిందికి దిగింది. బయటి నుంచి చూస్తే పెద్దగా పాడైనట్టు లేదు, అక్కడక్కడా మట్టి పట్టిందంతే. కోసిన చివర నా వైపు తిప్పుకున్నాను. లోపల గోడ కనిపించలేదు. నలుపు, ముదురు గోధుమ, నారింజ రంగుల్లో గడ్డలు గడ్డలుగా తుప్పు అన్ని వైపుల నుంచీ ముందుకు పెరిగి, నడుమ వంకరటింకర సందు ఒకటి మిగిలింది. బల్ల మీదున్న పెన్సిలు తెచ్చి దూర్చి చూశాను. రాసుకుంటూ, బిగుతుగా దూరింది. వేలితో నొక్కితే ఒక గడ్డ పెచ్చులా ఊడి అరచేతిలో పడింది, లోపల తడి బూడిదలా మెత్తగా ఉంది. జింకు పూత అరిగిపోయాక ఇనుము తుప్పు పడుతుంది, ఆ తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, దాని మీద నీటిలోని ఖనిజాలు పేరుకుంటాయి. ఇన్నాళ్లూ మా ఇల్లంతా ఆ పెన్సిలు సందులోంచి వచ్చిన నీళ్లతో బతికింది. అమ్మను పిలిచి చూపించాను. చాలాసేపు చేతిలో పట్టుకుని చూసి, "పాపం, ఇది మాత్రం ఏం చేస్తుంది" అంది.

పాత ఇళ్లలో ఈ పైపు సీసంది కూడా కావచ్చు. అది ఆరోగ్యానికి హాని, వెంటనే మార్చాలి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా, గోకితే మెత్తగా వెండిలా మెరిస్తే సీసం అని అనుమానించాలి. మా పైపుకు అయస్కాంతం అంటుకుంది.

రెండో రోజు మధ్యాహ్నానికి గానీ వాళ్లు రాలేదు. ఉదయమే వస్తామన్నారు. ముందు రోజు సాయంత్రం నుంచి ఇంట్లో నీళ్లు లేవు. డ్రమ్ముల్లో పట్టి పెట్టుకోమని ముందే చెప్పారు కాబట్టి గడిచింది గానీ, పెద్దవాళ్లున్న ఇంట్లో ఆ ఆరు గంటల ఆలస్యం చిన్న విషయం కాదు. ఫోను చేసి ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది.

పని మాత్రం శ్రద్ధగా చేశారు. కాలువ అడుగున ఇసుక పరిచి దాని మీద పైపు వేశారు. హెచ్‌డీపీఈకి జిగురు అంటదు. కాబట్టి కరిగించి అతకాలి, లేదా బిగించే జాయింట్లు వాడాలి. మాకు చివర్లలో బిగించేవి వాడారు. నడుమ ఎక్కడా జాయింటు లేదు, 22 మీటర్లూ ఒకటే పైపు. చిన్న కుర్రాడు పైపు చివర నిటారుగా కోసి, అంచు చెక్కి, జాయింటులో ఎంత లోతు దూరాలో తెల్ల పెన్నుతో గీత గీసి, ఆ గీత కనపడకుండా పోయేదాకా నెట్టి బిగించాడు. అలా గీసి చేసేవాళ్లను నేను చూడలేదు. మీటరు దగ్గరున్న పాత గేట్ వాల్వు తీసేసి, పూర్తి రంధ్రం ఉన్న బాల్ వాల్వు పెట్టారు. పాత వాల్వు పిడి తిరుగుతోంది గానీ లోపలి బిళ్ల సగంలో ఇరుక్కుని ఉందని విప్పాక తెలిసింది. పైపు మార్చి దాన్ని వదిలేసి ఉంటే సగం పని వృథా అయ్యేది.

మట్టి కప్పకముందే 6 బార్ దాకా నీళ్లు ఎక్కించి పరీక్ష పెట్టారు. పావుగంటలో ముల్లు 5.4కి దిగింది. నా గుండె జారింది. "కారడం లేదమ్మా, కొత్త పైపు కొంచెం సాగుతుంది. మళ్లీ ఎక్కిద్దాం" అన్నారు మేస్త్రి గారు. రెండుసార్లు ఎక్కించాక గంటసేపు ముల్లు కదల్లేదు. ఆ గంటా ఆయన ఒత్తిడి మీటరు పక్కనే పీట వేసుకు కూర్చున్నారు, జాయింట్ల మీద పొడి గుడ్డ ఒత్తి చూస్తూ. తర్వాత జాలీలన్నీ విప్పించి, తోట కుళాయి కింద తెల్ల గుడ్డ పట్టి, మరక పడనంతవరకు నీళ్లు వదిలారు.

ఇక ఫలితం. కుళాయిలు మూసినప్పుడు ముల్లు మునుపటిలాగే 2.6. పైపు మార్చినంత మాత్రాన వీధిలో ఒత్తిడి పెరగదు, పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వంటింటి కుళాయి పూర్తిగా తిప్పినప్పుడు 2.2. ఇంతకుముందు 0.4. తోట కుళాయి కింద బకెట్టు 24 సెకన్లలో నిండింది. పైన స్నానాల గదిలో మునుపు 3 నిమిషాల 20 సెకన్లు పట్టేది, ఇప్పుడు 50 సెకన్లు. పైన ఇంకా బాగా రావాలంటే గోడల్లోపలి పాత పైపులు కూడా మార్చాలని మేస్త్రి గారు ముందే చెప్పారు. అది నిజమే. ఇప్పటికి ఇది చాలు.

మర్నాడు అమ్మ స్నానానికి వెళ్లినప్పుడు నేను కావాలనే వంటింటి కుళాయి తిప్పి, మెట్ల దగ్గర నిలబడ్డాను. పైనుంచి నీళ్ల చప్పుడు అలాగే వస్తూ ఉంది. కేక రాలేదు.

ఇప్పుడు వాళ్లు వదిలేసిన పెద్ద పని గురించి. నెల తర్వాత వేరే పని మీద వచ్చిన ఎలక్ట్రీషియన్ మా కరెంటు మీటరు బోర్డు వెనక తీగ పట్టుకుని వెళ్లి, గోడ పక్క మిగిలిన పాత ఇనుప పైపు మొండెం దగ్గర ఆగాడు. మా ఇంటి ఎర్తింగు తీగను, అంటే కరెంటు లీకైతే మనకు షాకు కొట్టకుండా భూమిలోకి పంపే తీగను, ఎప్పుడో దానికి బిగించారు. ఆ పైపు భూమిలో 22 మీటర్లు ఉన్నంతకాలం అది ఎర్తింగుగా పనిచేసింది. దాన్ని తీసేసి ప్లాస్టిక్ పైపు వేసిన రోజు నుంచీ మా ఇంటికి ఎర్తింగు లేదు. నెల రోజులు అమ్మ ఆ హీటరుతోనే స్నానం చేసింది, నేను ఆ వాషింగ్ మెషీన్‌నే తడి చేత్తో ముట్టుకున్నాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అదే రోజు విడిగా ఎర్తింగు కడ్డీ పాతించి, కొలిపించి, సరిగ్గా ఉందని నిర్ధారించుకున్నాం.

మేస్త్రి గారికి ఫోను చేసి చెప్పాను, కోపంగానే చెప్పాను. ఆయన వచ్చి చూసి, "నా తప్పేనమ్మా. తవ్వకముందే చూడాల్సింది" అన్నారు. సాకులు చెప్పలేదు. ఇప్పుడు ఇనుప పైపు తియ్యకముందే తీగ ఏదైనా దానికి బిగించి ఉందేమో చూస్తున్నామని తర్వాత ఒకసారి చెప్పారు. ఆ మాట నిజమనే నమ్ముతున్నాను. అయినా మీరు మాత్రం ఎవరితో పని చేయించుకున్నా, పాత ఇనుప పైపు తీసే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగు ఎక్కడుందో చూపించుకోండి. ఇది వాయిదా వెయ్యకండి.

రెండోది చిన్నది. కాలువ పూడ్చేటప్పుడు మట్టిని పొరలు పొరలుగా దిమ్మిస చెయ్యలేదు. మొదటి పెద్ద వానకే గేటు నుంచి మెట్ల దాకా బెత్తెడు లోతు కుంగింది. పిలిస్తే వచ్చి నింపి వెళ్లారు. పూడ్చేటప్పుడు పైపు మీద మొదట రాళ్ల మట్టి వెయ్యబోతే నేనే ఆపి, ఇసుక వేయించాను. పైపుకు ఒత్తుకున్న రాయి ఏళ్ల తరబడి అలాగే ఉంటే గోడను తొలిచేస్తుంది. కాబట్టి పూడ్చేటప్పుడు ఇంటివాళ్లు ఎవరో ఒకరు దగ్గరుండాలి.

మొత్తానికి ఐదుకు నాలుగు ఇస్తున్నాను. కొలిచినందుకు, మోటారు వద్దన్నందుకు, ఆ తెల్ల గీతకు, పొడి గుడ్డ పట్టుకుని కూర్చున్న ఆ గంటకు నాలుగు. ఎర్తింగు విషయంలో ఒకటి తగ్గించాను. గోడల్లోపలి పైపుల పని కూడా వీళ్లకే అప్పజెప్పాలనుకుంటున్నాను.

ప్రతి నెల మొదటి ఆదివారం అదే బకెట్టు అదే కుళాయి కింద పెట్టి సమయం చూసి పుస్తకంలో రాస్తున్నాను. ఆరు నెలలైంది. నిన్న ఉదయం కూడా 24 సెకన్లే.